భాగం 9: ఉద్యానవనాలకు భూమి, భూమికి నిధి - అమెరికా సంయుక్త రాష్ట్రాల అనుభవం (1853-2020)

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- ప్రజా ఉద్యానవనాల కోసం, ప్రకృతి పరిరక్షణ కోసం ప్రభుత్వాలు భూమిని కొనవలసిన అవసరం ఎలా ఏర్పడిందో వివరించగలుగుతారు.
- భూసేకరణకు డబ్బు సమకూర్చిన మార్గాలను కాలక్రమంలో గుర్తించగలుగుతారు.
- 1964 నాటి 'భూ, జల పరిరక్షణ నిధి' పనితీరును, దాని పరిమితులను చర్చించగలుగుతారు.
- భూమి కోల్పోయిన ప్రజల దృష్టి నుంచి ఈ చరిత్రను పరిశీలించగలుగుతారు.

9.1 విషయ పరిచయం

పార్కు అనగానే మనకు చెట్లు, నడకదారులు, సాయంత్రం ఆడుకొనే పిల్లలు గుర్తుకు వస్తారు. చరిత్ర విద్యార్థిగా మీరు అక్కడితో ఆగకూడదు. ఆ నేల అంతకుముందు ఎవరిది? దానిని ఎవరు కొన్నారు, లేదా ఎవరు తీసుకొన్నారు? అందుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఇస్తామన్న డబ్బు ఇచ్చారా? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకొంటే ప్రతి ఉద్యానవనం వెనక ఒక ఆర్థిక చరిత్ర, ఒక రాజకీయ చరిత్ర కనిపిస్తాయి.

ఈ ప్రశ్నలకు జవాబులు వెతకడానికి అమెరికా సంయుక్త రాష్ట్రాల చరిత్ర అనువైనది. జాతీయ ఉద్యానవనం అనే భావన మొదట చట్టరూపం ధరించింది ఆ దేశంలోనే. భూమి కొనడానికి ప్రత్యేక నిధిని ఏర్పాటు చేసి, ఆ నిధి కోసం అర్ధ శతాబ్దానికి పైగా వాదులాడుకొన్న దేశం కూడా అదే. పై నాలుగు ప్రశ్నలను మనసులో ఉంచుకొని ఈ భాగాన్ని చదవండి.

9.2 కొనకుండా వచ్చిన ఉద్యానవనాలు

1864లో యోసెమిటీ లోయను ప్రజల వినోదం కోసం కాపాడాలన్న షరతుతో ఫెడరల్ ప్రభుత్వం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించింది. 1872 మార్చి 1న యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం ఏర్పడింది. ఈ రెండింటికీ భూమి కొనడానికి ఖజానా నుంచి డబ్బు తీయవలసిన అవసరం రాలేదు. పశ్చిమ ప్రాంతంలోని విస్తారమైన భూములు అప్పటికే ఫెడరల్ ప్రభుత్వ భూములుగా నమోదై ఉన్నాయి. ఆ భూమిలో కొంత భాగాన్ని అమ్మకాల నుంచి, స్థిరనివాసాల నుంచి మినహాయిస్తూ చట్టం చేస్తే సరిపోయింది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. 'ప్రభుత్వ భూమి' అన్న మాట వెనక మరొక చరిత్ర దాగి ఉంది. షోషోన్, బానక్, క్రో మొదలైన ఆదివాసీ జాతులు యెల్లోస్టోన్ ప్రాంతంలో తరతరాలుగా వేటాడుతూ, రాకపోకలు సాగిస్తూ జీవించాయి. ఒప్పందాల ద్వారా, సైనిక ఒత్తిడి ద్వారా వారి హక్కులు కుంచించుకుపోయిన తరవాతే అది 'ఖాళీ భూమి' అయింది. ఖజానా డబ్బు చెల్లించలేదు కాబట్టి ఎవరూ మూల్యం చెల్లించలేదని అనుకోకూడదు.

తూర్పు రాష్ట్రాల పరిస్థితి వేరు. అక్కడ భూమి చాలావరకు ప్రైవేటు వ్యక్తుల చేతుల్లో, కలప కంపెనీల చేతుల్లో ఉండేది. జనాభా ఎక్కువగా ఉన్నదీ అక్కడే. కాబట్టి పార్కు కావాలంటే భూమి కొనడం తప్ప వేరే దారి లేదు.

9.3 నగరం కొన్న నేల: సెంట్రల్ పార్కు

భూమి కొని పెద్ద పార్కును నిర్మించే పనిని మొదట తలకెత్తుకొన్నవి నగరాలు. 1853లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ మన్‌హటన్ దీవి మధ్యలో పార్కు కోసం భూసేకరణకు అనుమతి ఇచ్చింది. ప్రజా ప్రయోజనం కోసం నష్టపరిహారం చెల్లించి ప్రైవేటు భూమిని తీసుకొనే సార్వభౌమాధికారాన్ని ఇందుకు వినియోగించారు. భూమికి సుమారు 50 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ మొత్తంలో మూడోవంతు దాకా పార్కు చుట్టుపక్కల స్థలాలున్న యజమానుల నుంచి ప్రత్యేక పన్నుగా వసూలు చేశారు. పార్కు రావడంతో వారి స్థలాల ధరలు పెరుగుతాయి కనుక ఆ లాభంలో కొంత నగరానికి చెల్లించాలన్నది ఇందులోని సూత్రం. ఇవాళ పట్టణాభివృద్ధి సంస్థలు వసూలు చేసే 'బెటర్‌మెంట్ చార్జీ' వెనక ఉన్నదీ ఇదే ఆలోచన.

సేకరించిన భూమి ఖాళీగా లేదు. సుమారు 1,600 మంది అక్కడ నివసించేవారు. వారి నివాసాల్లో సెనెకా విలేజ్ ముఖ్యమైనది. 1825 నుంచి ఆఫ్రికన్ అమెరికన్లు అక్కడ స్థలాలు కొని, ఇళ్లు, చర్చిలు, బడి కట్టుకొన్నారు. 1821 నాటి రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం నల్లజాతి పురుషుడికి ఓటు హక్కు రావాలంటే 250 డాలర్ల విలువైన స్థిరాస్తి ఉండాలి. శ్వేతజాతి పురుషులకు ఈ షరతు లేదు. కాబట్టి వారికి ఆ చిన్న స్థలం తలదాచుకొనే చోటు మాత్రమే కాదు, పౌరుడిగా నిలబడే ఆధారం కూడా. నాటి పత్రికలు వారిని ఆక్రమణదారులుగా చిత్రించాయి. 1857 నాటికి సెనెకా విలేజ్ పూర్తిగా కనుమరుగైంది. యజమానులకు పరిహారం అందింది కాని, ఊరు మాత్రం మళ్లీ మరోచోట వెలవలేదు.

డబ్బు చెల్లించిన చోట కూడా చెల్లించలేనిది ఒకటి మిగిలిపోతుందని ఈ ఉదంతం చెబుతోంది.

9.4 వీక్స్ చట్టం (1911): నదుల పేరిట అడవుల కొనుగోలు

పందొమ్మిదో శతాబ్దం చివరికి తూర్పు పర్వత ప్రాంతాల్లో అడవులను విచ్చలవిడిగా నరికివేశారు. కొండవాలులు బోడి కావడంతో నేల కోత, వరదలు, కార్చిచ్చులు పెరిగాయి. ఫెడరల్ ప్రభుత్వం ప్రైవేటు అడవులను కొనాలన్న డిమాండు వచ్చింది. అడవులు కొనే అధికారం ఫెడరల్ ప్రభుత్వానికి ఉందా అన్న రాజ్యాంగపరమైన సందేహమూ వచ్చింది.

1911 మార్చి 1న అమలులోకి వచ్చిన వీక్స్ చట్టం దీనికి ఒక మార్గం కనుక్కొంది. రాష్ట్రాల మధ్య వాణిజ్యంపైన, తద్వారా నౌకాయానానికి పనికివచ్చే నదులపైన ఫెడరల్ ప్రభుత్వానికి అధికారం ఉంది. నదులు నిలవాలంటే వాటి పరీవాహక ప్రాంతాల అడవులు నిలవాలి. కాబట్టి ఆ అడవులను కొనడం సమర్థనీయం. ఈ వాదన ఆధారంగానే తూర్పు రాష్ట్రాల జాతీయ అరణ్యాలు చాలావరకు కొనుగోలు ద్వారా రూపొందాయి. అడవి అందమైనది కాబట్టి కాపాడాలని చట్టం అనలేదు. నదికి అవసరం కాబట్టి కొనాలని అన్నది. ప్రజాధనం ఖర్చు చేయాలంటే శాసనసభను ఒప్పించగల కారణం కావాలని మీరు ఇక్కడ గ్రహించాలి.

9.5 విరాళాల కాలం: స్మోకీ పర్వతాలు, షెనాండోవా

జాతీయ అరణ్యాలకు డబ్బు ఇచ్చిన కాంగ్రెస్ జాతీయ ఉద్యానవనాల విషయంలో చేయి బిగబట్టింది. 1926లో గ్రేట్ స్మోకీ పర్వతాలు, షెనాండోవా ఉద్యానవనాలకు అనుమతిస్తూనే, భూమిని రాష్ట్రాలు సేకరించి ఉచితంగా అప్పగించాలని షరతు పెట్టింది. టెనెసీ, ఉత్తర కరోలినా రాష్ట్రాలు నిధులు కేటాయించాయి. బడిపిల్లలు సహా సామాన్య ప్రజలు చందాలు ఇచ్చారు. అయినా చాలలేదు. 1928లో రాక్‌ఫెల్లర్ కుటుంబపు ధార్మిక నిధి నుంచి 50 లక్షల డాలర్ల విరాళం అందడంతో పని ముందుకు సాగింది. 1934లో స్మోకీ పర్వతాల ఉద్యానవనం ఏర్పడింది.

వర్జీనియా రాష్ట్రం 1928లో ప్రత్యేక చట్టం చేసి, షెనాండోవా కోసం భూములను మూకుమ్మడిగా బలవంతపు సేకరణ కిందికి తెచ్చింది. సుమారు 500 కుటుంబాలు కొండలు దిగవలసి వచ్చింది. పట్టా ఉన్నవారికి పరిహారం దక్కింది. కౌలుదారులకు, పట్టా లేకుండా తరతరాలుగా సాగు చేసుకొంటున్నవారికి భూమి పరిహారం లేదు. కొద్దిమంది వృద్ధులను మాత్రం చివరిదాకా అక్కడే ఉండనిచ్చారు. 1935లో ఉద్యానవనం ఏర్పడింది.

విరాళాలపై ఆధారపడే పద్ధతిలో రెండు లోపాలు బయటపడ్డాయి. ఏ ప్రాంతాన్ని కాపాడాలన్నది ధనవంతుల అభిరుచిని బట్టి నిర్ణయమయ్యే ప్రమాదం ఉంది. డబ్బు పోగయ్యేలోపు కలప కంపెనీలు అడవిని నరికివేసే ప్రమాదమూ ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. యెల్లోస్టోన్ ఏర్పాటుకు భూమి కొనవలసిన అవసరం ఎందుకు రాలేదు?
2. వీక్స్ చట్టం అడవుల కొనుగోలును ఏ వాదనతో సమర్థించింది?

9.6 కేప్ కాడ్, పాయింట్ రేయెస్: ధరతో పరుగు పందెం

రెండో ప్రపంచ యుద్ధం తరవాత కార్లు, సెలవులు, జీతాలు పెరిగాయి. సముద్రతీరాల్లో విడిది ఇళ్లు వేగంగా వెలిశాయి. ఉన్న కొద్దిపాటి ఖాళీ తీరం కూడా ప్లాట్లుగా మారిపోతుందన్న ఆందోళన కలిగింది.

1961 ఆగస్టు 7న అధ్యక్షుడు కెనెడీ మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ జాతీయ సముద్రతీర చట్టంపై సంతకం చేశాడు. ఇందులో మొదటి నుంచే భూమి కొనుగోలుకు 1 కోటి 60 లక్షల డాలర్ల ఫెడరల్ నిధిని అనుమతించారు. జాతీయ ఉద్యానవనాల చరిత్రలో ఇది కీలకమైన మలుపు. ఈ చట్టంలో మరొక విశేషం ఉంది. స్థానిక పట్టణాలు తగిన భూవినియోగ నిబంధనలు అమలు చేసినంతకాలం 1959 సెప్టెంబరు 1కి ముందు కట్టిన ఇళ్లను బలవంతంగా సేకరించరు. షెనాండోవా అనుభవంతో పోల్చి చూస్తే ఈ మార్పు విలువ మీకు అర్థమవుతుంది. ప్రతి ఇంటినీ ఖాళీ చేయించకుండానే తీరాన్ని కాపాడవచ్చునని మొదటిసారి గట్టిగా చెప్పిన చట్టం ఇది.

మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని పాయింట్ రేయెస్‌కు 1 కోటి 40 లక్షల డాలర్లు అనుమతించారు. కాని పార్కు వస్తుందన్న వార్తతోనే భూముల ధరలు పెరిగాయి. కేటాయించిన డబ్బు అయిపోయింది, భూమి మాత్రం ముక్కలుముక్కలుగానే చేతికొచ్చింది. చివరకు 1970లో ఈ పరిమితిని 5 కోట్ల 75 లక్షల డాలర్లకు పెంచవలసి వచ్చింది. ప్రకటన ముందు, డబ్బు వెనక వస్తే ప్రభుత్వమే ధర పెంచుకొన్నట్టవుతుంది. మన దగ్గర కొత్త రహదారి వార్త వచ్చిన మర్నాడే ఎకరం ధర ఎలా మారిపోతుందో మీకు తెలియనిది కాదు. ఎప్పుడూ సిద్ధంగా ఉండే నిధి ఒకటి కావాలన్న అభిప్రాయం బలపడటానికి ఇది ముఖ్య కారణం.

9.7 భూ, జల పరిరక్షణ నిధి (1964)

ప్రజల వినోద అవసరాలను అధ్యయనం చేయడానికి 1958లో ఏర్పడిన కమిషన్ లారెన్స్ రాక్‌ఫెల్లర్ అధ్యక్షతన పనిచేసి 1962లో నివేదిక ఇచ్చింది. దాని సిఫారసులు, ఇంటీరియర్ శాఖ కార్యదర్శి స్టువర్ట్ యూడల్ కృషి ఫలితంగా భూ, జల పరిరక్షణ నిధి చట్టం రూపొందింది. అధ్యక్షుడు జాన్సన్ 1964 సెప్టెంబరు 3న దానిపై సంతకం చేశాడు. 1965 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

నిధికి మొదట మూడు ఆదాయ వనరులు చూపించారు: ఉద్యానవనాల ప్రవేశ రుసుములు, మిగులు ప్రభుత్వ ఆస్తుల అమ్మకం, మోటారు పడవల ఇంధనంపై పన్ను. ఇవి చాలలేదు. 1968లో చట్టాన్ని సవరించి, సముద్రగర్భంలో చమురు, సహజ వాయువు తీసే కంపెనీలు ప్రభుత్వానికి చెల్లించే ఆదాయాన్ని జోడించారు. నిధి స్థాయి ఏడాదికి 20 కోట్ల డాలర్లుగా, 1970 సవరణతో 30 కోట్లుగా, 1977 సవరణతో 90 కోట్లుగా నిర్ణయమైంది.

ఇందులోని తర్కం సరళమైనది. చమురు ప్రజల ఉమ్మడి ఆస్తి. ఒకసారి తోడేస్తే మళ్లీ రాదు. అలా తరిగిపోయే ఆస్తి నుంచి వచ్చిన డబ్బులో కొంతభాగంతో తరగని ఆస్తిని, అంటే భూమిని, కొని తరవాతి తరాలకు అప్పగించాలి.

నిధిని రెండు రకాలుగా ఖర్చు చేస్తారు. మొదటిది, జాతీయ ఉద్యానవనాలు, అరణ్యాలు, వన్యప్రాణి ఆశ్రయాల కోసం ఫెడరల్ సంస్థలు భూమి కొనడం. రెండోది, రాష్ట్రాలకు, వాటి ద్వారా నగరాలకు, పట్టణాలకు గ్రాంట్లు ఇవ్వడం. గ్రాంటుకు సమానమైన వాటాను స్థానికంగా సమకూర్చుకోవాలి. ఊరి ఆటస్థలాలు, ఈత కొలనులు, చెరువుగట్టు పార్కులు ఇలా వచ్చినవే. గ్రాంటుతో ఏర్పడిన స్థలాన్ని వేరే పనికి మళ్లించాలంటే, కనీసం అంతే మార్కెట్ విలువ, అంతే ఉపయోగం గల మరొక స్థలాన్ని చూపాలన్న నిబంధన కూడా చట్టంలో ఉంది. ఒకసారి ప్రజలది అయిన నేల మళ్లీ చేజారకుండా ఈ నిబంధన కాపలా కాస్తోంది.

9.8 జమ అయిన డబ్బు, ఖర్చు కాని డబ్బు

నిధి ఖాతాలో ఏటా 90 కోట్ల డాలర్లు జమ కావడం ఒక ఎత్తు, ఆ డబ్బు భూమి కొనేవారి చేతికి రావడం మరొక ఎత్తు. ప్రతి ఏటా కాంగ్రెస్ ద్రవ్య వినియోగ చట్టం ద్వారా మంజూరు చేస్తేనే ఆ డబ్బు ఖర్చు పెట్టవచ్చు. గ్రామపంచాయతీ ఖాతాలో నిధులు కనిపిస్తూనే ఉన్నా, ట్రెజరీలో బిల్లు పాసు కాకపోతే వీధిదీపం వెలగదు. ఇక్కడా అదే జరిగింది.

2020కి ముందు ఐదు దశాబ్దాలకు పైగా సాగిన కాలంలో పూర్తి స్థాయి మంజూరు జరిగింది రెండుసార్లే. 2019 నాటికి లెక్కప్రకారం జమ అయిన సుమారు 4,090 కోట్ల డాలర్లలో సగానికంటె తక్కువే మంజూరైంది. సుమారు 2,200 కోట్ల డాలర్లు కాగితంపై నిల్వగా మిగిలాయి. ఆ సొమ్ము ఒక పెట్టెలో దాచి ఉందని అనుకోకండి. అది సాధారణ ఖజానాలో కలిసి ఇతర ఖర్చులకు పోయింది.

ఇలా జరగడానికి కారణాలు అనేకం.
(అ) బడ్జెట్ లోటు పెరిగినప్పుడు భూమి కొనుగోలును వాయిదా వేయడం సులభం. 1981లో ఇంటీరియర్ శాఖ కార్యదర్శి జేమ్స్ వాట్ కొత్త భూముల కొనుగోలును నిలిపివేయాలని ప్రతిపాదించాడు.
(ఆ) నెవాడా, యూటా వంటి పశ్చిమ రాష్ట్రాల్లో సగానికి మించిన భూమి అప్పటికే ఫెడరల్ ప్రభుత్వానిది. ఇంకా కొనడాన్ని అక్కడి నాయకులు పలువురు వ్యతిరేకించారు.
(ఇ) ప్రభుత్వం కొన్న భూమిపై స్థానిక సంస్థలకు ఆస్తిపన్ను రాదు. 1976లో చేసిన చట్టం దీనికి బదులు కొంత చెల్లింపును ఏర్పాటు చేసినా అసంతృప్తి తొలగలేదు.
(ఈ) ఉన్న ఉద్యానవనాల మరమ్మతులకే డబ్బు లేనప్పుడు కొత్త భూమి ఎందుకన్న వాదన ఉంది.

ఈ వాదనలను తేలికగా కొట్టివేయకండి. చరిత్ర విద్యార్థి ఎదుటి పక్షం మాట కూడా వినాలి. అయితే ఆలస్యానికీ ఒక ధర ఉంటుందని పాయింట్ రేయెస్ ముందే చూపించింది.

చట్టం గడువు 2015 సెప్టెంబరు 30న ముగిసింది. డిసెంబరులో మూడేళ్లు పొడిగించారు. 2018 సెప్టెంబరు 30న మళ్లీ ముగిసింది. 2019 మార్చి 12న డింగెల్ చట్టం నిధిని శాశ్వతం చేసింది. ఫెడరల్ అవసరాలకు, రాష్ట్రాలకు చెరి 40 శాతానికి తగ్గకుండా ఇవ్వాలని కూడా నిర్దేశించింది. అయినా ఏటా మంజూరు కోసం ఎదురుచూడక తప్పలేదు. 2020 ఆగస్టు 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకంతో అమలులోకి వచ్చిన 'గ్రేట్ అమెరికన్ అవుట్‌డోర్స్ చట్టం' ఈ చిక్కును విప్పింది. ఏటా 90 కోట్ల డాలర్లు వార్షిక మంజూరు అవసరం లేకుండానే అందేలా చేసింది. దానితోపాటు మరమ్మతులకు ఐదేళ్లపాటు ఏడాదికి 190 కోట్ల డాలర్ల వరకు కేటాయించింది. సెనెట్‌లో 73-25, ప్రతినిధుల సభలో 310-107 ఓట్లతో రెండు పార్టీల సభ్యులూ దీనిని బలపరిచారు.

9.9 తులనాత్మక పరిశీలన: బ్రిటన్, భారతదేశం

బ్రిటన్‌లో 1946లో ఆర్థికమంత్రి హ్యూ డాల్టన్ యుద్ధపు మిగులు సామగ్రి అమ్మకాల సొమ్ము నుంచి 5 కోట్ల పౌండ్లతో జాతీయ భూ నిధిని నెలకొల్పాడు. యుద్ధంలో మరణించినవారికి ఇది స్మారకంగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. అందులో కొద్ది భాగమే ఖర్చయింది. 1957లో ప్రభుత్వం దానిని 1 కోటి పౌండ్లకు కుదించింది. 1980లో దాని స్థానంలో జాతీయ వారసత్వ స్మారక నిధి వచ్చింది. నిధి పేరు ఉండి, దానిని తీసే అధికారం ఖజానా చేతిలో ఉంటే ఏమవుతుందో బ్రిటన్‌లోనూ మనం చూస్తాం.

మన దేశంలో జాతీయ ఉద్యానవనాలు చాలావరకు రిజర్వు అడవుల నుంచే ఏర్పడ్డాయి. కాబట్టి ఇక్కడ కొనుగోలు ధర కన్న అడవిలో నివసించేవారి హక్కులే పెద్ద ప్రశ్న. అయితే నిధి విషయంలో దగ్గరి పోలిక ఒకటి ఉంది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో ఇచ్చిన ఆదేశాల మేరకు, గనులకు, ప్రాజెక్టులకు అటవీ భూమిని తీసుకొనే సంస్థలు ప్రత్యామ్నాయ వనీకరణ ఖర్చును, పోయిన అడవి నికర ప్రస్తుత విలువను చెల్లించాలి. ఈ సొమ్ము ఏళ్లతరబడి పేరుకుపోయింది. 2016లో ప్రత్యామ్నాయ వనీకరణ నిధి చట్టం వచ్చింది. ఇందులో 90 శాతం రాష్ట్రాలకు, 10 శాతం కేంద్రానికి. 2019 ఆగస్టులో కేంద్రం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 27 రాష్ట్రాలకు రూ. 47,436 కోట్లు బదిలీ చేసింది.

పోలికతోపాటు తేడాను కూడా గమనించండి. అమెరికా నిధి ప్రధానంగా భూమి కొనడానికి, మన నిధి ప్రధానంగా మొక్కలు నాటడానికి, అడవుల పెంపకానికి. ఆ మొక్కలు ఎవరి నేలలో నాటుతున్నారు, 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కులు పొందిన గ్రామాల గ్రామసభను అడిగారా అన్నది ఇక్కడ వివాదాంశం. సెనెకా విలేజ్‌లో, షెనాండోవాలో లేచిన ప్రశ్నే వేరే రూపంలో మన మన్యం గ్రామాల్లోనూ లేస్తోంది.

9.10 సారాంశం

అమెరికాలో ఉద్యానవనాల భూమి తొలుత ఆదివాసుల నుంచి తీసుకొన్న ప్రభుత్వ భూముల నుంచి, తరవాత నగరాల పన్నుల నుంచి, విరాళాల నుంచి, చివరకు ఫెడరల్ నిధి నుంచి వచ్చింది. 1964 చట్టం చమురు ఆదాయాన్ని భూమిగా మార్చే మార్గం వేసింది కాని, ఏటా మంజూరు కావాలన్న నిబంధన వల్ల సగానికి పైగా సొమ్ము దారిలోనే నిలిచిపోయింది. 2020లో ఆ అడ్డంకి తొలగింది. ఇకపై ఏ ప్రభుత్వం ఏ పార్కుకు, ఏ అభయారణ్యానికి నిధి ప్రకటించినా మీరు మూడు లెక్కలు వేరువేరుగా చూడండి: ప్రకటించినది ఎంత, మంజూరైనది ఎంత, ఆ నేల మీద ఉన్నవారికి చేరినది ఎంత. ఈ మూడింటి మధ్య ఉన్న తేడాయే ఆ విధానపు అసలు చరిత్ర.

9.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. భూ, జల పరిరక్షణ నిధి ఆవిర్భావానికి దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. నిధికి జమ కావడానికి, మంజూరు కావడానికి మధ్య గల తేడా ఆ నిధి చరిత్రను ఎలా ప్రభావితం చేసిందో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సెనెకా విలేజ్ నివాసులకు భూమి యాజమాన్యం ఎందుకు ముఖ్యమైనది?
2. కేప్ కాడ్ చట్టంలోని ప్రత్యేకతలు ఏవి?
3. మీ మండలంలో లేదా పట్టణంలో ఉన్న ఒక పార్కు లేదా రక్షిత ప్రాంతాన్ని తీసుకొని, విషయ పరిచయంలోని నాలుగు ప్రశ్నలకు స్థానిక పెద్దలను అడిగి, రికార్డులు చూసి సమాధానాలు రాయండి.